సెక్స్ టాయ్ శుభ్రత: సిలికాన్ సరే, మరి అతుకుల సంగతి?

సెక్స్ టాయ్ పెట్టె మీద ముందుగా కంటపడే మాట ‘మెడికల్ గ్రేడ్ సిలికాన్’. పక్కనే ‘వాటర్‌ప్రూఫ్’ అనీ ‘బాడీ సేఫ్’ అనీ ఉంటుంది. కొన్నవాళ్లకి దాంతో ధైర్యం వచ్చేస్తుంది. సిలికాన్ కదా, మరిగించేయొచ్చు అనుకుంటారు. వాటర్‌ప్రూఫ్ కదా, వేడినీళ్లలో నానబెట్టేయొచ్చు అనుకుంటారు. మోటారున్న టాయ్‌ల విషయంలో రెండూ తప్పే. పెట్టె మీద రాసింది ఒంటికి తగిలే పై పొర గురించి మాత్రమే. ఆ పొర కింద గట్టి ప్లాస్టిక్ గుల్ల, మోటారు, వైర్లు, లిథియం బ్యాటరీ ఉంటాయి. పిడి వేరే ప్లాస్టిక్. మధ్యలో మెరిసే వలయం వెండి రంగు పూసిన ఇంకో ప్లాస్టిక్. బటన్లు ఒక రకం రబ్బరు. చాలాచోట్ల వీటిని కలిపి పట్టి ఉంచేది జిగురు. చేతిలో ఉన్నది చూడ్డానికి ఒక్క వస్తువే గానీ, నిజానికి నాలుగైదు పదార్థాల గుంపు. వేడికీ నీటికీ రసాయనాలకీ అవి తలో రకంగా స్పందిస్తాయి.

చిక్కంతా ఇక్కడే ఉంది. సిలికాన్‌ మీది క్రిముల్ని నికరంగా చంపే పద్ధతి మరిగించడం. అది చేస్తే బ్యాటరీ పోతుంది. బ్యాటరీకి హాని లేని పద్ధతి తడిగుడ్డతో తుడవడం. దాంతో సందుల్లోని మురికి కదలదు. టాయ్‌లో అన్నిటికంటే నాజూకైన భాగం ఎంత తట్టుకుంటే అంతవరకే శుభ్రం చేయగలం. మురికి మాత్రం మనకి అందని చోటే చేరుతుంది. అందుకే రకరకాల పదార్థాలు కలిసిన టాయ్ విషయంలో ‘ఏ క్లీనర్ మంచిది’ అని అడిగితే సగం జవాబే వస్తుంది. కడిగాక కూడా మిగిలిపోయేదాన్ని ఏం చేయాలన్నది మిగతా సగం.

కడగడం ఒకటి, క్రిముల్ని చంపడం ఒకటి

ఈ రెంటినీ ఒకే పనిగా చూడటం వల్లే చాలా పొరపాట్లు జరుగుతాయి. కడగడమంటే సబ్బు, నీళ్లు, చేత్తో రుద్దడం. లూబ్రికెంట్, ఒంటి స్రావాలు, జిడ్డు, చర్మపు పొట్టు దీంతో వదులుతాయి, వాటితోపాటే చాలా క్రిములు కూడా కొట్టుకుపోతాయి. క్రిమిరహితం చేయడమంటే అప్పటికీ మిగిలినవాటిని వేడితోనో రసాయనంతోనో చంపడం. స్టెరిలైజేషన్ వీటికంటే పై మెట్టు. మొండి బ్యాక్టీరియా బీజాలను కూడా మిగల్చకుండా నాశనం చేయడం అది. ఆసుపత్రుల్లో ఆపరేషన్ పరికరాలను ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకుమించిన ఆవిరితో అలా చేస్తారు. ఇంట్లో వాడుకునే టాయ్‌కి అంత అవసరం లేదు. ‘స్టెరిలైజర్’ పేరుతో అమ్మే చిన్న డబ్బాలు చేసేదీ అది కాదు.

వరస మారితే పని చెడుతుంది. వాడిన టాయ్ మీద నేరుగా స్ప్రే కొట్టి తుడిచేస్తే, ఆ మందు బలమంతా పైన ఉన్న జిడ్డు మీదే ఖర్చయిపోతుంది. కింద ఉన్న క్రిములదాకా వెళ్లేది కొంచెమే. పైగా క్రిములు విడివిడిగా ఉండవు. తడి, ఆహారం రెండూ దొరికిన చోట గుంపుగా చేరి, తమ చుట్టూ జిగట పొర అల్లుకుంటాయి. దీన్నే బయోఫిల్మ్ అంటారు. టాయ్‌ని కడిగాక కూడా వేలికి జారుడుగా తగిలితే అది అడుగున మిగిలిన లూబ్రికెంట్ కావచ్చు, ఈ పొరే కావచ్చు. రెండింట్లో ఏదైనా మళ్లీ రుద్దాల్సిందే. సిలికాన్‌కి రంధ్రాలు లేకపోతే చాలు, దాని మీద ఏమీ పెరగదనుకోకూడదు. గొంతు తీసేసిన రోగులకు అమర్చే సిలికాన్ వాయిస్ ప్రాస్థెసిస్‌ (మళ్లీ మాట వచ్చేందుకు పెట్టే చిన్న పరికరం) మీద క్యాండిడా అనే ఫంగస్ గూడు కట్టుకుంటుందని, దానివల్లే వాటిని తరచూ మార్చాల్సి వస్తుందని వైద్యులకు ఎప్పటినుంచో తెలుసు. యోనిలో దురద, తెల్లబట్ట సమస్యలు తెచ్చిపెట్టే కారణాల్లో ఆ కుటుంబపు ఫంగస్ కూడా ఒకటి.

ఆసుపత్రులు ఈ చిక్కుని ఎలా దాటాయో చూస్తే దారి కొంత తెలుస్తుంది. 1960లలో అమెరికన్ శాస్త్రవేత్త ఎర్ల్ స్పాల్డింగ్ వైద్య పరికరాలను మూడు తరగతులుగా విడగొట్టాడు. మామూలు చర్మానికి మాత్రమే తగిలేవి ఒకటి, నోరు, యోని లాంటి చోట్ల ఉండే పల్చని లోపలి పొరకు తగిలేవి రెండు, రక్తంలోకీ శరీరం లోపలి కణజాలంలోకీ వెళ్లేవి మూడు. యోని ద్వారా చేసే అల్ట్రాసౌండ్ స్కానింగ్‌లో వాడే ప్రోబ్ రెండో తరగతిది. దానిలోనూ ఎలక్ట్రానిక్స్ ఉంటాయి, దాన్నీ మరిగించలేరు. అందుకే ప్రతి రోగికీ కొత్త తొడుగు వేస్తారు, తీశాక శక్తిమంతమైన క్రిమినాశినితో మళ్లీ శుభ్రం చేస్తారు. తొడుగు ఉంది కదా అని శుభ్రతను వదలరు, శుభ్రం చేశాం కదా అని తొడుగూ మానరు. తగిలే చోటుని బట్టి చూస్తే సెక్స్ టాయ్‌ది కూడా ఆ తరగతే. అయితే ఆసుపత్రి వాడే గ్లుటరాల్డిహైడ్ లాంటి ఘాటు రసాయనాలు ఇంటికి పనికిరావు. కాబట్టి ఇంట్లో తొడుగుదే పెద్ద పాత్ర అవుతుంది. దాని గురించి తర్వాత.

ఏది ఎంతవరకు తట్టుకుంటుంది

అసలైన సిలికాన్ గట్టి పదార్థం, 200 డిగ్రీల దగ్గర కూడా కరగదు. మోటారు, బ్యాటరీ, వైరు ఏవీ లేకుండా మొత్తం ఒకే ముక్కగా ఉన్న సిలికాన్ టాయ్‌ని మరుగుతున్న నీళ్లలో అయిదు నుంచి పది నిమిషాలు ఉంచొచ్చు. గిన్నె అడుగు నీళ్లకంటే ఎక్కువ వేడెక్కుతుంది, అందుకని అడుగున ఒక గుడ్డ వేయడం మేలు. చిక్కేమిటంటే బయటికి ఒకే ముక్కలా కనిపించే వాటిలోనూ కొన్నింటికి లోపల వంచడానికి వీలుగా తీగ ఉంటుంది, కొన్నింటికి గట్టి ప్లాస్టిక్ వెన్ను ఉంటుంది. రెండు చేతులతో పట్టుకుని మెల్లగా వంచి చూస్తే తెలుస్తుంది. వంచినచోటే ఆగిపోతే లోపల తీగ ఉన్నట్టు. అలాంటివాటిని మరిగించకపోవడమే మంచిది.

బోరోసిలికేట్ అనే వేడికి తట్టుకునే గాజు, స్టెయిన్‌లెస్ స్టీల్ ఇంతకంటే సులువు. రెండింటికీ రంధ్రాలు లేవు, రెండూ మరిగే నీటికి లొంగవు. గాజుని మాత్రం గోరువెచ్చని నీళ్లలో పెట్టి నెమ్మదిగా వేడి చేయాలి, తీసేటప్పుడూ ఆ నీళ్లలోనే చల్లారనివ్వాలి. గాజైనా స్టీలైనా మధ్యదాకా చల్లారేందుకు చాలాసేపు పడుతుంది. పైన చల్లగా అనిపించిందని వెంటనే వాడితే కాలుతుంది.

చాలా వైబ్రేటర్ల పిడి ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్‌తో చేస్తారు. దీనికీ రంధ్రాలు లేవు, సబ్బుకీ నీటికీ బాగా తట్టుకుంటుంది. కానీ 100 డిగ్రీల చుట్టుపక్కల మెత్తబడి వంకర పోతుంది కాబట్టి మరిగించే ప్రసక్తే లేదు. నెయిల్ పాలిష్ రిమూవర్‌లో ఉండే అసిటోన్ ఏబీఎస్‌ని కరిగించేస్తుంది. స్టిక్కర్ జిగురు వదిలిద్దామని కొందరు రిమూవర్ రాస్తారు, ఆ చోటు గరుకుగా మారి, తర్వాత మురికి పట్టడానికి అదే నెలవు అవుతుంది. కొన్ని ప్లాస్టిక్ టాయ్‌లకు పైన మఖమల్‌లా తగిలే పూత వేస్తారు. చేతికి హాయిగా ఉంటుంది గానీ తేమకు ఆ పూత కాలక్రమంలో జిగటగా మారి ఊడిపోతుంది. ఎంత రుద్దినా పోని బంక చాలాసార్లు మురికి కాదు, ఆ పూతే.

ఇక తలనొప్పి అంతా టీపీఈ, టీపీఆర్, మెత్తటి పీవీసీ, ‘జెల్లీ’ అనే రబ్బరులాంటి మెత్తటి ప్లాస్టిక్ రకాలతో. అచ్చం చర్మంలా తగులుతుందని చెప్పి అమ్మేవన్నీ దాదాపుగా ఈ కోవలోవే. టీపీఈలో ఆ మెత్తదనం కోసం నూనె కలుపుతారు. మెత్తటి పీవీసీలో ప్లాస్టిసైజర్లు కలుపుతారు. వాటిలో థాలేట్లు అనేవి హార్మోన్ల మీద ప్రభావం చూపుతాయన్న కారణంగా పిల్లల బొమ్మల్లో వాటి వాడకం మీద చాలా దేశాలు ఆంక్షలు పెట్టాయి. పెద్దల బొమ్మల విషయంలో అంత పట్టింపు చాలాకాలం లేదు. సెక్స్ టాయ్‌ల రూపకల్పన, భద్రత గురించి ఐఎస్ఓ 3533 అనే అంతర్జాతీయ ప్రమాణం వచ్చిందే 2021లో. ఈ మెత్తటి రకాలన్నిటికీ కంటికి కనపడని రంధ్రాలుంటాయి. సబ్బు, మందు పై పొరను శుభ్రం చేస్తాయి గానీ రంధ్రంలోకి దిగిన తేమనీ, దాంతోపాటు దిగిన క్రిముల్నీ పూర్తిగా బయటికి లాగలేవు. మరిగిద్దామంటే వేడికి కరిగి ఆకారం పోతుంది. ఆల్కహాల్ మళ్లీ మళ్లీ రాస్తే లోపలి నూనె బయటికొచ్చి పదార్థం బిరుసెక్కి పగులుతుంది. కాబట్టి ఈ రకాలను ‘శుభ్రం’ చేయొచ్చు, ‘క్రిమిరహితం’ మాత్రం చేయలేం. అమ్మేవాళ్లు ఏం చెప్పినా సరే. ఒక్కరే వాడుకోవాలి, వాడినప్పుడల్లా కండోమ్ వేయాలి, కొంతకాలానికి పారేయాలి.

తోలు, బట్ట, చెక్క గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. అవి పీల్చుకునే పదార్థాలు. నేరుగా స్రావాలు తగిలే చోట వాడకపోవడమే మంచిది.

అతుకు దగ్గర

మెరిసే వలయం ఉన్న ఒక మామూలు వైబ్రేటర్‌ని కడిగి, పైపైన తుడిచి, సిలికాన్ వచ్చి పిడిలో కలిసే చోట బొటనవేలితో గట్టిగా నొక్కి చూడాలి. చాలావాటిలో సన్నగా ఒక నీటిబొట్టు బయటికి ఉబుకుతుంది. కొన్నిసార్లు ఆ బొట్టు తేటగా ఉండదు, తెల్లగా, సబ్బు నురగలా ఉంటుంది. సిలికాన్ తొడుగు పెదవికీ ప్లాస్టిక్‌కీ మధ్య వెంట్రుకవాసి ఖాళీ చాలు, నీరు తనంతట తానే పాక్కుంటూ లోపలికి పోతుంది. వాడేటప్పుడు లూబ్రికెంట్ కూడా అలాగే పోతుంది. బయటికి మాత్రం అంత తేలిగ్గా రాదు. గాలాడదు, వెలుతురు పడదు, తేమ ఆరదు. టాయ్ మొత్తంలో క్రిములు పెరగడానికి ఇంతకంటే అనువైన చోటు లేదు.

అందుకే కడిగేటప్పుడు పై భాగాన్ని తళతళలాడేలా రుద్దడం కంటే ఈ గీతల మీద సమయం పెట్టడం లాభం. వాడిన వెంటనే, అంటే స్రావాలు ఎండిపోకముందే, పని మొదలుపెట్టాలి. ఎండిన జిడ్డు వదలడానికి రెట్టింపు శ్రమ పడుతుంది. ఆపేసి, ఛార్జర్ తీసేసి, బటన్ అనుకోకుండా ఆన్ కాకుండా ట్రావెల్ లాక్ ఉంటే వేయాలి. గోరువెచ్చని నీళ్లు, వాసన లేని మామూలు సబ్బు చాలు. మెత్తటి టూత్‌బ్రష్ ఒకటి దీనికే కేటాయించుకుని అతుకు వెంబడి, బటన్ల చుట్టూ, అచ్చులో పోసినప్పుడు మిగిలిన సన్నటి గీత మీద, లోగో చెక్కిన గుంటల్లో తోమాలి. గీకే పీచు వాడకూడదు, దాని గీతలే కొత్త సందులవుతాయి. కడిగేటప్పుడు అతుకుని నొక్కుతూ వదులుతూ ఉంటే లోపల చేరింది బయటికొస్తుంది, తేట నీళ్లు వచ్చేదాకా అలా చేయాలి. టాయ్‌ని పిడి పైకి, మొన కిందికి ఉండేలా పట్టుకుని నీళ్లు పోస్తే ఛార్జింగ్ రంధ్రం వైపు నీరు పారదు. సబ్బు పూర్తిగా పోయేదాకా కడగడం చిన్న విషయం కాదు. యోని సహజంగా ఆమ్లత్వం ఉన్న చోటు, అక్కడి పీహెచ్ సాధారణంగా 3.8 నుంచి 4.5 మధ్య ఉంటుంది. సబ్బుది క్షారగుణం. మిగిలిన సబ్బు వల్ల వచ్చిన మంటను ఇన్ఫెక్షన్ అనుకుని టెన్షన్ పడేవాళ్లు లేకపోలేదు.

వాటర్‌ప్రూఫ్ అనే మాటకి కొలత ఉంది. ఐపీఎక్స్7 అని రాసి ఉంటే, ఒక మీటరు లోతు నీళ్లలో 30 నిమిషాలు ముంచినా హాని చేసేంత నీరు లోపలికి పోదని పరీక్షించినట్టు. ఐపీఎక్స్4 అంటే నీటి తుంపరలు తట్టుకుంటుందనే తప్ప ముంచొచ్చని కాదు. ఐపీఎక్స్7 పరీక్ష కూడా మామూలు నీటితో, పాతబడని వస్తువు మీద చేసేది. వేడినీళ్లు, సబ్బు, రెండేళ్ల వాడకంలో వదులైన రబ్బరు మూత, ఇవేవీ అందులో లెక్కలోకి రావు. ఇంకో సూక్ష్మం కూడా ఉంది. వేడినీళ్లతో కడిగి వెంటనే చన్నీళ్లలో పెడితే లోపలి గాలి కుంచించుకుపోయి, సందుల్లోంచి నీటిని లోపలికి పీల్చుకుంటుంది. మొదటినుంచి చివరిదాకా ఒకే గోరువెచ్చదనం ఉండాలనేది అందుకే. లిథియం అయాన్ బ్యాటరీలు సాధారణంగా 60 డిగ్రీలు దాటిన వేడిని సహించవు. అంటే డిష్‌వాషర్ కూడా వద్దు.

ఛార్జింగ్ చోటు ఇంకో బలహీన భాగం. అయస్కాంతంతో అతుక్కునే ఛార్జర్ ఉన్నవాటికి పైన రెండు లోహపు చుక్కలు కనిపిస్తాయి. తడి ఉండగా ఛార్జింగ్ పెడితే అవి తుప్పు పడతాయి, నల్లబడతాయి. తుడిచి, కొన్ని గంటలు ఆరనిచ్చి, తర్వాతే పెట్టాలి. మామూలు సెల్స్ వేసే రకమైతే కడిగే ముందు సెల్స్ తీసేసి మూత గట్టిగా బిగించాలి, కడిగాక మూత దగ్గరి రబ్బరు వలయాన్ని తీసి దాని కింద కూడా తుడవాలి. అక్కడ ఒక్క వెంట్రుక ఇరుక్కున్నా నీరు లోపలికి పోతుంది.

మిగతా రకాల్లో దేని బాధ దానిది. గాలి ఒత్తిడితో పనిచేసే టాయ్‌లకి మొన దగ్గర చిన్న గుంట ఉంటుంది, చాలావాటికి ఆ సిలికాన్ మూతి ఊడి వస్తుంది. ఊడదీసి విడిగా కడిగి, లోపలి గుంటను తడిపి పిండిన కాటన్ బడ్‌తో తుడవాలి, నీళ్ల ధార కింద పెట్టకూడదు. కరెంటు వైరుతో నడిచే పెద్ద వాండ్ మసాజర్‌ని ముంచడం ప్రమాదం. ప్లగ్ తీసి, తల భాగాన్ని మాత్రం సబ్బు గుడ్డతో, తర్వాత తడి గుడ్డతో తుడవాలి. మలద్వారంలో వాడే, అడుగున రంగురాయి అతికించిన స్టీల్ ప్లగ్ చూస్తే మొత్తం లోహమే అనిపిస్తుంది. మరిగిస్తే రాయిని పట్టి ఉంచిన జిగురు మెత్తబడి రాయి ఊడుతుంది, ఊడకపోయినా కింద నీరు చేరుతుంది. తోక లాంటి అలంకారాలున్నవైతే వెంట్రుకల భాగం విడిగా వచ్చే రకమే కొనడం తెలివైన పని. పట్టీలతో కట్టుకునే హార్నెస్‌లో తోలు, బట్ట, లోహపు రింగు కలిసి ఉంటాయి. రింగులు తీసి సబ్బుతో కడగొచ్చు, బట్ట పట్టీలు ఉతకొచ్చు, తోలుని మాత్రం తడి గుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టాలి.

పురుషులు వాడే స్లీవ్ రకాల గురించి కాస్త ఎక్కువే చెప్పుకోవాలి, ఎందుకంటే బూజు పట్టేవాటిలో ఇవే ముందుంటాయి. బయట గట్టి ప్లాస్టిక్ డబ్బా, లోపల టీపీఈ స్లీవ్. స్లీవ్ లోపలంతా గట్లూ మడతలూ. దాన్ని డబ్బాలోనే ఉంచి కడిగి మూత పెట్టేస్తే రెండు మూడు రోజులకే వాసన మొదలవుతుంది. ప్రతిసారీ స్లీవ్‌ని బయటికి తీయాలి, రెండు వైపుల నుంచీ నీరు పారేలా కడగాలి, వీలైతే లోపలి వైపు బయటికి తిప్పాలి. తర్వాత నూలు వదలని గుడ్డ లోపలికి దూర్చి తేమ పీల్చి, నిలబెట్టి పూర్తిగా ఆరనివ్వాలి. ఆరాక జిగటగా అనిపిస్తే మొక్కజొన్న పిండి (కార్న్‌స్టార్చ్) పల్చగా చల్లడం చాలామంది పాటించే పద్ధతి. టాల్కం పౌడర్ మాత్రం వద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2024లో టాల్క్‌ని ‘బహుశా క్యాన్సర్ కారకం’ అనే వర్గంలో చేర్చింది.

సీసాల్లో దొరికేవి

రసాయనాల విషయంలో జనం ఎక్కువ ఘాటు ఉంటే ఎక్కువ శుభ్రం అనుకుంటారు. యాంటీబ్యాక్టీరియల్ అని రాసిన సబ్బు మామూలు సబ్బు కంటే గొప్పేమీ కాదు. అదనపు ప్రయోజనం నిరూపించలేదన్న కారణంతోనే 2016లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ ట్రైక్లోసాన్‌తో సహా 19 పదార్థాలను ఇళ్లలో వాడే యాంటీసెప్టిక్ సబ్బుల్లో నిషేధించింది. గాయాలు కడిగే యాంటీసెప్టిక్ లిక్విడ్‌ని టాయ్‌కి పట్టిస్తే మిగిలిన కాస్తా లోపలి పొరను మండిస్తుంది. వెనిగర్ మరకలు వదిలిస్తుంది గానీ నమ్మదగ్గ క్రిమినాశిని కాదు.

ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 70 శాతం ద్రావణం ఏబీఎస్ పిడికీ, సిలికాన్ పైభాగానికీ, లోహపు చుక్కలకీ బాగా సరిపోతుంది. 99 శాతంది ఇంకా మేలనుకోవడం పొరపాటు. క్రిముల ప్రొటీన్లను దెబ్బతీయడానికి కాస్త నీరు కావాలి, పైగా ఎక్కువ శాతం ఉన్నది క్షణాల్లో ఆవిరైపోతుంది. యాక్రిలిక్ లాంటి పారదర్శక ప్లాస్టిక్ ఉంటే మాత్రం ఆల్కహాల్‌కి సన్నటి పగుళ్లు వస్తాయి. తుడిచాక పూర్తిగా ఆరనిచ్చి, నీళ్లతో మరోసారి తుడిచి వాడాలి, లేకపోతే మంట తప్పదు.

బ్లీచ్ బలమైనది, చవకైనది, జాగ్రత్త కూడా అంతే కావాలి. సుమారు 5 శాతం ఉన్న ఇంటి బ్లీచ్ ఒక వంతుకి తొమ్మిది వంతుల చన్నీళ్లు కలిపి, ముందే సబ్బుతో కడిగిన పైభాగాన్ని పది నిమిషాలు తడిగా ఉంచి, తర్వాత బాగా కడిగేయాలి. కలిపిన నీళ్లు ఏ రోజుకారోజే, మర్నాటికి బలం తగ్గిపోతుంది. మెరుగు పూతలకీ, ఛార్జింగ్ చుక్కలకీ, తోలుకీ తగలనీయకూడదు. స్టీల్‌ని కూడా అందులో నానబెట్టి వదిలేస్తే గుంటలు పడతాయి. వెనిగర్‌తో కలిస్తే క్లోరిన్ వాయువు, అమ్మోనియా ఉన్న క్లీనర్‌తో కలిస్తే క్లోరమిన్లు పుడతాయి. రెండూ ఊపిరితిత్తులను దెబ్బతీసేవే. రోజూ ఒక్కరే వాడుకునే టాయ్‌కి బ్లీచ్ అనవసరం. రక్తం తగిలినప్పుడో, ఇంకొకరు వాడబోతున్నప్పుడో, ఇన్ఫెక్షన్ వచ్చి తగ్గాకనో ఆలోచించాల్సిన మార్గం అది.

అల్ట్రావయొలెట్ డబ్బాలు చూడ్డానికి భలే ఉంటాయి. ఆ కిరణాలు ఎదురుగా ఉన్న చోటి క్రిముల్నే చంపుతాయి, నీడ పడిన చోటు జోలికి పోవు. అతుకు, గుంట, మడత ఇవన్నీ నీడలే. పైన సన్నని జిడ్డు పొర ఉన్నా లాభం ఉండదు. కడిగి ఆరబెట్టిన టాయ్‌ని దుమ్ము పడకుండా దాచుకునే పెట్టెగా అయితే అభ్యంతరం లేదు.

ఏ సీసా కొన్నా ఒక్క విషయం మిగిలిపోతుంది. హెచ్ఐవీ, హెర్పిస్ లాంటి వైరస్‌లకి చుట్టూ కొవ్వు పొర ఉంటుంది, సబ్బు ఆ పొరని ఛిద్రం చేస్తుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి కారణమయ్యే హెచ్‌పీవీకి ఆ పొర లేదు. 2014లో వచ్చిన ఒక ప్రయోగశాల అధ్యయనంలో హెచ్‌పీవీ 16 రకం మీద ఆల్కహాల్ పెద్దగా పనిచేయలేదు, బ్లీచ్‌లో ఉండే హైపోక్లోరైట్ పనిచేసింది. అదే ఏడాది ఇంకో చిన్న అధ్యయనంలో 12 మంది మహిళలకు టీపీఈ, సిలికాన్ వైబ్రేటర్లు ఇచ్చి, వాడాక, కడిగాక, ఒక రోజు గడిచాక పరీక్షించారు. కొన్నింటి మీద కడిగిన తర్వాతా, 24 గంటల తర్వాతా హెచ్‌పీవీ జన్యుపదార్థం దొరికింది. జన్యుపదార్థం దొరికినంత మాత్రాన అంటించగల వైరస్ ఉన్నట్టు కాదు, 12 మందితో పెద్ద తీర్పులూ చెప్పలేం. అయినా ‘టాయ్ క్లీనర్ కొట్టాం, ఇక ఇద్దరం వాడుకోవచ్చు’ అన్న ధీమాకి అది చాలినంత గండి కొడుతుంది.

తొడుగు ఎందుకు

ఇంట్లో చేయగలిగిన శుభ్రతకీ, ఆదర్శంగా జరగాల్సిన శుభ్రతకీ మధ్య ఉన్న ఖాళీని పూరించేది కండోమ్. టాయ్ మీద అతుకుని కూడా దాటి కప్పేలా వేస్తే, స్రావాలు సందుల్లోకి చేరడమే తగ్గుతుంది, కడగాల్సిన పని సగమవుతుంది. ఒకరి నుంచి ఇంకొకరికి మారినప్పుడు కొత్తది వేయాలి. మలద్వారం నుంచి యోనికి మారినప్పుడు, మనిషి ఒక్కరే అయినా, కొత్తది వేయాలి. పేగుల్లో హాయిగా ఉండే ఈ.కోలై అనే బ్యాక్టీరియా మూత్రనాళంలోకి చేరితే ఇన్ఫెక్షన్ తెస్తుంది. హెపటైటిస్ బి వైరస్ శరీరం బయట కనీసం ఏడు రోజులు బతకగలదు, కాబట్టి ‘పోయిన వారం వాడింది కదా’ అన్న లెక్క పనిచేయదు. లేటెక్స్ కండోమ్ వేసినప్పుడు నూనె ఆధారిత లూబ్రికెంట్లు, బేబీ ఆయిల్, వాజలీన్ వాడితే అది బలహీనపడి చిరుగుతుంది. సిలికాన్ టాయ్ మీద నేరుగా సిలికాన్ లూబ్రికెంట్ రాస్తే కొన్ని రకాలు ఉబ్బి జిగటబారతాయి. నీటి ఆధారిత లూబ్రికెంట్‌తో ఈ రెండు గొడవలూ లేవు.

కడగడం ఎంత బాగా చేసినా ఆరబెట్టకపోతే ఫలితం తక్కువ. తుడిచి, గాలి తగిలే చోట అతుకు కిందివైపు ఉండేలా కొన్ని గంటలు ఉంచి, ఆ తర్వాతే సంచిలో పెట్టాలి. ఒక్కో టాయ్‌కి ఒక్కో బట్ట సంచి మంచిది. సిలికాన్ టాయ్‌ని జెల్లీ, టీపీఈ రకాలకి ఆనించి పెడితే వాటిలోని నూనె, ప్లాస్టిసైజర్లు పాకి, నెలల తర్వాత తీసేసరికి రెండూ అతుక్కుని ఉంటాయి. వాడే ముందు మరోసారి నీళ్లతో కడిగితే దుమ్మూ నూలుపోగులూ పోతాయి.

ఎంతో డబ్బు పోసి కొన్నామని కొందరు పాడైనదాన్నీ వదలరు. కడిగి ఆరబెట్టాక కూడా వాసన వస్తోందంటే అది పదార్థంలోకి దిగిపోయినట్టే. నల్లచుక్కలు కనిపిస్తే బూజు. చుక్క పైన గీకి తీసేసినా వేరు లోపల ఉంటుంది. సిలికాన్ చిరిగి కింద ప్లాస్టిక్ కనిపించినా, మెరుగు పూత పెచ్చులు లేచినా, గాజు అంచు కొంచెం పెచ్చు పోయినా, అతుకు నొక్కినప్పుడు బొట్టుకి బదులు ధారే వచ్చినా ఇక దాన్ని వాడకూడదు. ఛార్జింగ్‌లో మామూలుకంటే ఎక్కువ వేడెక్కడం, పిడి ఉబ్బడం బ్యాటరీ చెడిపోయిందనడానికి గుర్తులు. అప్పుడు ఛార్జర్ తీసేసి మళ్లీ పెట్టకూడదు, ఇంటి చెత్తలోనూ వేయకూడదు. చెత్తబండిలో నలిగిన లిథియం బ్యాటరీ మంటలు రేపగలదు కాబట్టి దాన్ని పాత ఫోన్లు, బ్యాటరీలు తీసుకునే ఈ-వేస్ట్ కేంద్రానికే ఇవ్వాలి. ఇవ్వడానికి మొహమాటంగా ఉంటే సిలికాన్ తొడుగుని కత్తెరతో కోసి తీసేయొచ్చు. మిగిలిన ప్లాస్టిక్ గుల్లని మాత్రం తెరవకూడదు, బ్యాటరీకి గాటు పడితే అక్కడికక్కడే అంటుకోవచ్చు.